సి భాష నుండి కనిష్ఠభాషకు: స్థిరవిశ్లేషణ చరిత్రలో అనువాదం పాత్ర

వ్యాససంగ్రహం

ప్రోగ్రామును నడపకుండా, దాని పాఠాన్ని మాత్రమే పరిశీలించి దోషాలను కనుగొనే పద్ధతి స్థిరవిశ్లేషణ. సి భాషలోని ప్రోగ్రాములను విశ్లేషించే సాధనాలు దాదాపు ఏవీ ఆ పాఠాన్ని ఉన్నదున్నట్లు చదవవు. ముందుగా దానిని కొద్దిపాటి వాక్యరూపాలు మాత్రమే గల ఒక చిన్న భాషలోకి అనువదించుకొని, ఆ అనువాదాన్ని చదువుతాయి. 1958 నాటి ఆలోచనల నుండి 2020లో ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులు ప్రచురించిన సాధనం వరకు ఈ అనువాద సంప్రదాయం ఎలా రూపుదిద్దుకున్నదో ఈ వ్యాసం వివరిస్తుంది. ప్రతి కనిష్ఠభాషా కొంత విడిచిపెట్టడం వల్లనే ఉపయోగపడుతుందని, విడిచిపెట్టినదేమిటో తెలియకుండా విశ్లేషణ ఫలితాన్ని నమ్మడం ప్రమాదకరమని ఇందులో ప్రతిపాదన.

కీలక పదాలు: సి భాష, స్థిరవిశ్లేషణ, మధ్యంతర భాష, కంపైలర్, సీఐఎల్, ఎల్ఎల్‌వీఎం, పల్నాడు, ఐఐటీ హైదరాబాద్.

1. ఉపోద్ఘాతం

తెలుగు పద్యాన్ని పాఠం చెప్పే ఉపాధ్యాయుడు నేరుగా తాత్పర్యంలోకి వెళ్లడు. ముందు పదవిభాగం చేస్తాడు. సంధులు విడదీస్తాడు. తరువాత కర్త, కర్మ, క్రియలను వరుసలో పెట్టి అన్వయం చెబుతాడు. ఆ తరువాతనే తాత్పర్యం. అన్వయించిన వాక్యంలో పద్యంలోని యతిప్రాసలు కనిపించవు. కానీ ఎవరు ఏమి చేశారన్నది స్పష్టమవుతుంది. ఆ స్పష్టత కోసమే ఛందస్సును కాసేపు పక్కన పెట్టడానికి గురువూ శిష్యుడూ అంగీకరిస్తారు.

సి భాషలోని ప్రోగ్రామును విశ్లేషించే సాధనం చేసే పని దీనికి దగ్గరగా ఉంటుంది. అయితే ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. పద్యాన్ని అన్వయించడంలో పొరపాటు జరిగితే మరొక పండితుడు దిద్దుతాడు. యంత్రం చేసిన అనువాదాన్ని మాత్రం సాధారణంగా ఎవరూ తిరిగి చదవరు. విశ్లేషణ చివరన ‘దోషం లేదు’ అని వచ్చినప్పుడు, ఆ మాట మూలపాఠం గురించి చెప్పినదా, అనువాదం గురించి చెప్పినదా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టముల కెర్నెళ్లు, వాహనాలలోని నియంత్రణ వ్యవస్థలు, సమాచార భద్రతా గ్రంథాలయాలు నేటికీ అధికంగా సి భాషపై ఆధారపడుతున్నందున ఈ ప్రశ్న కేవలం సిద్ధాంతపరమైనది కాదు.

2. సి భాషలోని చిక్కులు

డెన్నిస్ రిచీ 1970ల తొలి సంవత్సరాలలో బెల్ ప్రయోగశాలలో సి భాషను రూపొందించారు. 1973లో యూనిక్స్ కెర్నెల్‌ను ఆ భాషలో తిరిగి రాశారు. 1978లో కెర్నిగన్, రిచీ రాసిన పుస్తకం వెలువడింది. 1989లో అమెరికా ప్రమాణం, 1990లో అంతర్జాతీయ ప్రమాణం వచ్చాయి. యంత్రానికి దగ్గరగా ఉంటూ, రాసేవారికి క్లుప్తత ఇచ్చే భాషగా అది వ్యాపించింది. ఆ క్లుప్తతే విశ్లేషకులకు కష్టమైంది. ఇందులో మూడు చిక్కులు ప్రధానమైనవి.

మొదటిది, ఒకే సమాసంలో అనేక పనులు ఇమిడి ఉండటం. ఈ వాక్యాన్ని చూడవచ్చు:

మొత్తం += ధరలు[ఇ++] * రేటు();

చూడటానికి ఇది ఒక్క వాక్యం. ఇందులో శ్రేణి నుండి విలువను చదవడం, సూచికను పెంచడం, ఒక ఫంక్షన్‌ను పిలవడం, గుణించడం, కూడటం, ఫలితాన్ని భద్రపరచడం అనే పనులున్నాయి. చిన్న భాషలో ఇదే వాక్యం ఇలా విడిపోతుంది:

తా1 = ఇ;
ఇ = ఇ + 1;
తా2 = ధరలు[తా1];
తా3 = రేటు();
తా4 = తా2 * తా3;
మొత్తం = మొత్తం + తా4;

ఇప్పుడు ప్రతి వాక్యమూ ఒకే పని చేస్తుంది. ఏ వాక్యం తరువాత ఏ చరరాశికి ఏ విలువ ఉండగలదో వరుసగా లెక్కించవచ్చు. విశ్లేషణ కోసం రాయవలసిన నియమాలు కూడా పదుల సంఖ్యలోని సమాసరూపాలకు కాక, కొద్దిపాటి వాక్యరూపాలకే సరిపోతాయి.

రెండవ చిక్కు పాయింటర్లు. పాయింటర్ ద్వారా ఒక విలువను మార్చినప్పుడు, మారినది ఏ చరరాశి అన్నది ఆ వాక్యాన్ని చూస్తే తెలియదు. ఆ పాయింటర్ ఎక్కడెక్కడికి చూపగలదో ప్రోగ్రాము మొత్తాన్ని పరిశీలిస్తేనే తెలుస్తుంది.

మూడవది, ప్రమాణం నిర్వచించకుండా వదిలిన ప్రవర్తన. శూన్య పాయింటర్ ద్వారా చదవడం, చిహ్నసహిత పూర్ణాంకం దాని పరిధిని దాటడం వంటి సందర్భాలలో ఏమి జరగాలో ప్రమాణం చెప్పదు. అలాంటివి జరగవనే ఊహతో ప్రోగ్రామును మార్చే స్వేచ్ఛ కంపైలర్‌కు ఉంటుంది. ఇవి గాక, కంపైలర్ చదవకముందే ప్రీప్రాసెసర్ మాక్రోలను విస్తరించివేస్తుంది. ప్రోగ్రామర్ రాసిన పేరు ఒకటి, కంపైలర్‌కు అందే పాఠం మరొకటి.

3. పూర్వరంగం: 1958–1991

మధ్యంతర భాష అన్న ఊహ సి కంటే పాతది. 1958లో ‘అంకాల్’ పేరుతో ఒక సార్వత్రిక మధ్యంతర భాష ప్రతిపాదన వెలువడింది. ఎన్నో ప్రోగ్రామింగ్ భాషలను ఎన్నో యంత్రాలకు అనువదించవలసి వచ్చినప్పుడు, ప్రతి జంటకూ ఒక అనువాదకాన్ని రాయకుండా మధ్యలో ఒకే భాషను నిలపాలన్నది దాని ఆశయం. ఆ ప్రతిపాదన అనుకున్న రూపంలో ఫలించలేదు. కానీ మధ్యలో ఒక చిన్న భాష ఉంటే పని తగ్గుతుందన్న ఆలోచన నిలిచింది.

అంతకుముందే 1953లో హెన్రీ గోర్డన్ రైస్ ఒక హద్దును నిరూపించారు. ప్రోగ్రాముల ప్రవర్తనకు సంబంధించిన ఏ సార్థక ధర్మాన్నైనా అన్ని ప్రోగ్రాముల విషయంలో తప్పకుండా నిర్ణయించగల యాంత్రిక పద్ధతి ఉండదన్నది దాని సారం. అందువల్ల ఎప్పటికైనా ముగిసే ప్రతి విశ్లేషణ సాధనమూ ఒక లోపాన్ని ఒప్పుకోవాలి. లేని దోషాన్ని ఉన్నదనడమో, ఉన్న దోషాన్ని వదిలివేయడమో కొంత తప్పదు.

ఆ హద్దులోనే పని సాగింది. 1970లో ఐబీఎంకు చెందిన ఫ్రాన్సిస్ అలెన్ నియంత్రణ ప్రవాహాన్ని గ్రాఫ్‌గా చూసే పద్ధతిని క్రమబద్ధం చేశారు. 1973లో గ్యారీ కిల్డాల్ దత్తప్రవాహ విశ్లేషణకు ఒక ఏకీకృత చట్రాన్ని ఇచ్చారు. 1977లో పాట్రిక్ కూసో, రాధియా కూసో దంపతులు అమూర్త వ్యాఖ్యానం అనే సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. అసలు విలువలకు బదులు వాటి గుణాలతో, ఉదాహరణకు ‘ధనం’, ‘రుణం’, ‘తెలియదు’ వంటి వాటితో, ప్రోగ్రామును లెక్కించవచ్చునని, ఆ లెక్క అసలు ప్రవర్తనను ఎప్పుడూ తక్కువగా అంచనా వేయకుండా చూడవచ్చునని ఆ సిద్ధాంతం చూపింది.

సి భాషకు ప్రత్యేకించిన తొలి ప్రసిద్ధ పరిశీలన సాధనం స్టీఫెన్ జాన్సన్ 1970ల చివరలో రాసిన ‘లింట్’. ఆయనే రాసిన పోర్టబుల్ సి కంపైలర్‌తో దానికి దగ్గరి బంధుత్వం ఉన్నది. కంపైలర్ వేగం కోసం పట్టించుకోని అనుమానాస్పద వాడుకలను పట్టుకోవడం దాని పని. ఆ తరువాతి దశలో ఐబీఎం పరిశోధకులు 1989, 1991 సంవత్సరాల పత్రాలలో ఏకస్థాపన రూపాన్ని ఎలా నిర్మించాలో చూపారు. ఇందులో ప్రతి చరరాశికీ పాఠంలో ఒక్కచోటనే విలువ ఇస్తారు. ఒక విలువ ఎక్కడ పుట్టిందో వెతకనక్కరలేదు, పేరే చెబుతుంది.

4. సింపుల్ నుండి సీఐఎల్ వరకు

1990ల తొలి సంవత్సరాలలో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో లారీ హెండ్రన్ బృందం ‘మెక్‌క్యాట్’ అనే సి కంపైలర్‌ను నిర్మించింది. ఆ బృందం రూపొందించిన ‘సింపుల్’ అనే మధ్యంతర రూపం ఈ చరిత్రలో ఒక మలుపు. సంక్లిష్ట సమాసాలను చిన్న వాక్యాలుగా విడగొట్టడంతో పాటు, ‘గోటు’ వాక్యాలను తొలగించి నిర్మాణబద్ధమైన శాఖలుగా, లూపులుగా మార్చడం ఆ బృందం చేపట్టిన పని. గోటు తొలగింపు పద్ధతిని 1994లో అనా ఎరోసా, హెండ్రన్ ప్రచురించారు. అదే సంవత్సరం ఆ బృందం నుండి ఫంక్షన్ పాయింటర్లను సైతం లెక్కలోకి తీసుకునే పాయింటర్ విశ్లేషణ వచ్చింది. సింపుల్ ప్రభావంతోనే జీసీసీ కంపైలర్‌లో ‘గింపుల్’ అనే రూపం ఏర్పడింది. 2005లో విడుదలైన జీసీసీ 4.0తో అది వాడుకలోకి వచ్చింది.

1994లోనే కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయంలో లార్స్ ఓలె ఆండర్సన్ సమర్పించిన సిద్ధాంత వ్యాసం కనిష్ఠతను మరొక అంచుకు తీసుకువెళ్లింది. ఆయన పద్ధతిని నేటి పాఠ్యగ్రంథాలు వివరించే తీరులో, పాయింటర్ల విషయం తేల్చడానికి నాలుగు వాక్యరూపాలు చాలు:

ప = &అ;
ప = క;
ప = *క;
*ప = క;

మొదటిది చిరునామాను తీసుకుంటుంది. రెండవది పాయింటర్‌ను నకలు చేస్తుంది. మూడవది పాయింటర్ చూపే చోటును చదువుతుంది. నాలుగవది ఆ చోట రాస్తుంది. ప్రతి రూపమూ సమితుల మధ్య ఒక నియమంగా మారుతుంది. కూడికలు, తీసివేతలు, షరతులు, వాక్యాల వరుస కూడా ఇక్కడ అక్కరలేదు. ఈ లెక్కకు పట్టే కాలం, గరిష్ఠంగా, ప్రోగ్రాము పరిమాణపు ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది. 1996లో బ్యార్న్ స్టీన్స్‌గార్డ్ సమితుల మధ్య ఉపసమితి సంబంధానికి బదులు సమానత్వాన్ని వాడి, దాదాపు సరళరేఖీయ కాలంలో ముగిసే పద్ధతిని చూపారు. వేగం పెరిగింది, కచ్చితత్వం తగ్గింది. ఏది వదిలితే ఏది దక్కుతుందన్న బేరసారం ఇంత స్పష్టంగా కనిపించే ఉదాహరణ మరొకటి అరుదు.

ఆండర్సన్ రూపం ఒకే ప్రశ్నకు సరిపోతుంది. అనేక ప్రశ్నలకు పనికివచ్చే ఉమ్మడి భాష కావాలన్న అవసరం 2002లో సీఐఎల్‌కు దారితీసింది. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జార్జ్ నెక్యులా, స్కాట్ మెక్‌పీక్, శ్రీ పి. రాహుల్, వెస్ట్లీ వైమర్ దీనిని రూపొందించారు. పేరుకు తగినట్లే ఇది సి కోసం ఏర్పడిన మధ్యంతర భాష. దీని అమలు ఓకామెల్ భాషలో జరిగింది.

సీఐఎల్‌లో సమాసాలకు పక్కప్రభావాలు ఉండవు. విలువను మార్చేవి, ఫంక్షన్‌ను పిలిచేవి ప్రత్యేకమైన వాక్యాలుగా నిలుస్తాయి. ‘ఫర్’, ‘వైల్’, ‘డూ’ లూపులన్నీ ఒకే అనంతమైన లూపుగా, దాని నుండి బయటపడే వాక్యంతో కలిసి కనిపిస్తాయి. విలువను ఉంచగల ప్రతి స్థానమూ ఒక ఆధారం, దానిపై ఒక స్థానభ్రంశం అనే జంటగా రాయబడుతుంది. యంత్రస్థాయికి దిగకుండా, రకాలను, మూలపాఠంలోని నిర్మాణాన్ని వీలైనంతగా నిలుపుకోవడం దీని విధానం. అందువల్ల అనువాదాన్ని మళ్లీ సి పాఠంగా ముద్రించి మామూలు కంపైలర్‌కు ఇవ్వవచ్చు. అనేక ఫైళ్లుగా ఉన్న ప్రోగ్రామును ఒకే ఫైలుగా కలిపే సౌకర్యం కూడా ఇందులో ఉన్నది. పాయింటర్ల విషయం తేల్చడానికి ప్రోగ్రాము మొత్తం కావాలన్న చిక్కుకు అది సమాధానం.

సీఐఎల్ ఆధారంగా అదే విశ్వవిద్యాలయంలో సీక్యూర్డ్, బ్లాస్ట్ వంటి సాధనాలు వచ్చాయి. ఫ్రాన్స్‌లోని ఫ్రామా-సి సాధనం దానిని మార్చి వాడుకుంది. ఒక బృందం చేసిన అనువాదకం మరెన్నో బృందాలకు పునాది అయింది. పునాదిలో పొరపాటు ఉంటే అది అందరికీ సంక్రమిస్తుందన్నది కూడా ఇందులోనే ఇమిడి ఉన్నది.

5. బూలియన్ ప్రోగ్రాములు

ఇదే కాలంలో మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగంలో థామస్ బాల్, శ్రీరామ్ రాజమణి నడిపిన ‘స్లామ్’ ప్రాజెక్టు అనువాదాన్ని రెండు అంచెలుగా చేసింది. మొదటి అంచెలో సి పాఠం పక్కప్రభావాలు లేని సమాసాలు, షరతులు, గోటులు గల సరళరూపంగా మారుతుంది. రెండవ అంచెలో ఆ రూపం బూలియన్ ప్రోగ్రాముగా మారుతుంది. అందులో ప్రతి చరరాశికీ నిజం, అబద్ధం అనే రెండే విలువలు. పూర్ణాంకాలు లేవు, పాయింటర్లు లేవు. ‘తాళం వేసి ఉన్నది’ వంటి వాక్యాలకు మాత్రమే చోటు. నియంత్రణ ప్రవాహపు ఆకారం మాత్రం అలాగే ఉంటుంది.

ఒక డివైస్ డ్రైవర్ ఇప్పటికే వేసి ఉన్న తాళాన్ని మళ్లీ వేయగలదా అన్నది అలాంటి ప్రశ్న. బూలియన్ ప్రోగ్రామును ‘బీబాప్’ అనే భాగం పూర్తిగా పరిశీలిస్తుంది. దోషమార్గం దొరికితే, అది అసలు సి ప్రోగ్రాములో సాధ్యమో కాదో ‘న్యూటన్’ అనే భాగం చూస్తుంది. సాధ్యం కాకపోతే, అనువాదంలో ఏ విషయాన్ని వదలడం వల్ల ఆ భ్రమ కలిగిందో కనుగొని, ఆ విషయాన్ని కొత్త బూలియన్ చరరాశిగా చేర్చి మళ్లీ అనువదిస్తుంది. ఇక్కడ అనువాదం ఒక్కసారితో ముగియదు. వదిలినది మరీ ఎక్కువైనప్పుడు కొంత తిరిగి తెచ్చుకునే మార్గం పద్ధతిలోనే ఉన్నది. ఈ పరిశోధన ఆధారంగా వచ్చిన పరీక్షా సాధనం విండోస్ డ్రైవర్ రచయితలకు అందింది. ఈ ధోరణిలోని తరువాతి కృషి కొంత భారతదేశంలో సాగింది. రాజమణి తరువాత పనిచేసిన బెంగళూరు ప్రయోగశాల నుండి 2006లో ‘సినర్జీ’ పద్ధతి వెలువడింది. ఆ పత్రం రచయితలలో ఆదిత్య నోరి ఒకరు. పరీక్షలను, నిరూపణను కలిపి నడపడం దాని విశేషం.

6. అనువాదంలో పోయేవి

పైన విడదీసిన ఉదాహరణను మళ్లీ చూడాలి. గుణకారంలోని రెండు భాగాలలో ఏది ముందు లెక్కించాలో సి ప్రమాణం నిర్దేశించదు. ‘రేటు’ అనే ఫంక్షన్ లోపల ధరల శ్రేణి మారుతుందనుకుంటే, దానిని ముందు పిలవడానికి, తరువాత పిలవడానికి ఫలితాలు వేరవుతాయి. అనువాదంలో మాత్రం ఒకే వరుస ఉన్నది. అనువాదకం ఒకదాన్ని ఎన్నుకోవలసిందే. విశ్లేషణ ఆ ఒక్క వరుసనే పరిశీలించి ‘దోషం లేదు’ అంటుంది. తరువాత అదే మూలపాఠాన్ని వేరొక కంపైలర్ రెండవ వరుసలో అనువదించే అవకాశం ఉన్నది. అప్పుడు నిరూపించినది ఒక ప్రోగ్రామును, నడుస్తున్నది మరొక ప్రోగ్రామును.

2009లో లినక్స్ కెర్నెల్‌లో బయటపడిన ఒక లోపం ఈ అంతరాన్ని మరొక వైపు నుండి చూపింది. ‘టన్’ అనే నెట్‌వర్క్ డ్రైవర్‌లో ఒక పాయింటర్ ద్వారా ముందు ఒక విలువను చదివి, ఆ తరువాత వాక్యంలో ఆ పాయింటర్ శూన్యమా అని పరీక్షించారు. శూన్య పాయింటర్ ద్వారా చదవడం ప్రమాణం నిర్వచించని పని. కాబట్టి చదవడం జరిగిందంటే పాయింటర్ శూన్యం కాదని జీసీసీ తీర్మానించింది. పరీక్ష అనవసరమని దానిని తొలగించింది. మూలపాఠంలో పరీక్ష ఉన్నది. నడిచే కోడ్‌లో లేదు. దాడి చేసేవారికి అదే ద్వారమైంది. ఇటువంటి తొలగింపును నిలిపివేసే కంపైలర్ ఐచ్ఛికాన్ని ఆ తరువాత కెర్నెల్ నిర్మాణంలో చేర్చారు. విశ్లేషణ మూలపాఠానికి దగ్గరి భాషలో జరగాలా, కంపైలర్ మార్పులు జరిగిన తరువాతి భాషలో జరగాలా అన్న చర్చకు ఈ ఘటన ఒక శాశ్వత ఉదాహరణ.

2014 ఏప్రిల్ 7న ప్రకటితమైన ‘హార్ట్‌బ్లీడ్’ లోపం మూడవ రకానికి చెందినది. ఓపెన్ఎస్ఎస్ఎల్ గ్రంథాలయంలో అవతలి పక్షం పంపిన పొడవును పరీక్షించకుండా అంత సమాచారాన్ని నకలు చేసేవారు. ఒక్కో అభ్యర్థనకు 64 కిలోబైట్ల వరకు జ్ఞాపకంలోని రహస్యాలు బయటకు పోయే వీలుండేది. అప్పటి ప్రసిద్ధ విశ్లేషణ సాధనాలు దీనిని ముందుగా పట్టుకోలేదు. పొడవు విలువ నెట్‌వర్క్ నుండి వచ్చిందన్న సంగతి ఒక మాక్రో పేరులో ప్రోగ్రామర్‌కు కనిపించేది. మాక్రో విస్తరించాక మిగిలినది రెండు బైట్లను జరిపి కలపడం మాత్రమే. ఆ తరువాత కవరిటీ సాధన నిర్మాతలు, బైట్ల క్రమాన్ని ఇలా మార్చడమే బయటి నుండి వచ్చిన సమాచారానికి గుర్తుగా భావించే ఉపాయాన్ని చేర్చి ఆ లోపాన్ని పట్టుకోగలిగారు. పోయిన పేరును దాని జాడను బట్టి తిరిగి ఊహించడమన్నమాట.

అనువాదకంలోనే పొరపాటు ఉండే సంగతి వేరు. 2011లో ఉటా విశ్వవిద్యాలయ పరిశోధకులు ‘సీస్మిత్’ సాధనంతో యాదృచ్ఛిక సి ప్రోగ్రాములను సృష్టించి, కంపైలర్లలో తాము కనుగొన్న 325కు పైగా దోషాలను నివేదించినట్లు ప్రచురించారు. జేవియర్ లెరోయ్ నాయకత్వాన ఫ్రాన్స్‌లో రూపొందిన ‘కాంప్‌సర్ట్’ ఈ సమస్యకు గణితపరమైన జవాబు. అందులో సి పాఠం పక్కప్రభావాలు లేని ‘సీలైట్’ రూపంలోకి, అక్కడి నుండి ఇంకా చిన్న భాషలలోకి మారుతుంది. అనువాదం ప్రవర్తనను కాపాడుతుందని యంత్రం సరిచూసిన నిరూపణ ఉంటుంది. సీస్మిత్ పరిశోధకులకు కాంప్‌సర్ట్‌లో నిరూపించిన మధ్యభాగంలో తప్పుడు కోడ్ దోషాలు దొరకలేదు. విశ్లేషణ సాధనాన్నే నిరూపించి కాంప్‌సర్ట్‌కు జతచేసిన ‘వెరాస్కో’ 2015లో వచ్చింది. విశ్లేషించినదీ, నడిచేదీ ఒకే అనువాదం నుండి రావాలన్న పాఠం వీటి నుండి గ్రహించవలసినది.

7. ఎల్ఎల్‌వీఎం, ఐఐటీ హైదరాబాద్ కృషి

2000లో ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో క్రిస్ లాట్నర్, విక్రమ్ అడ్వే మొదలుపెట్టిన ఎల్ఎల్‌వీఎం, ఒక విధంగా, అంకాల్ ఆశయాన్ని ఆచరణలోకి తెచ్చింది. సి, సి++, ఫోర్ట్రాన్, రస్ట్ వంటి అనేక భాషలు దాని మధ్యంతర భాషలోకి వస్తాయి. అది సీఐఎల్ కంటే యంత్రానికి దగ్గర. ఏకస్థాపన రూపంలో ఉంటుంది. లూపులు లేబుళ్లుగా, శాఖలుగా మిగులుతాయి. పూర్ణాంకపు రకంలో చిహ్నం ఉన్నదా లేదా అన్నది నిలవదు. అది భాగహారం, పోలిక వంటి చర్యలలో మాత్రమే తెలుస్తుంది.

2008లో ఏర్పడి, సంగారెడ్డి జిల్లా కంది వద్ద ప్రాంగణం గల ఐఐటీ హైదరాబాద్‌లో రామకృష్ణ ఉపద్రష్ట బృందం ఈ భాషపై పనిచేస్తున్నది. 2020లో ఆ సంస్థ నుండి ఉత్పల్ బోరా, శంతను దాస్, పంకజ్ కుక్రేజా, సౌరభ్ జోషి, ఉపద్రష్ట, కొలరాడోకు చెందిన సంజయ్ రాజోపాధ్యేతో కలిసి ‘ఎల్ఎల్ఓవీ’ సాధనాన్ని ప్రచురించారు. ఓపెన్ఎంపీ ప్రోగ్రాములలో దత్తస్పర్ధలను నడపకుండానే గుర్తించడం దాని లక్ష్యం.

దత్తస్పర్ధ అంటే రెండు సమాంతర ధారలు ఒకే స్థానాన్ని ఏ కట్టడీ లేకుండా తాకడం, వాటిలో ఒకటైనా రాయడం. ఒక లూపులో ప్రతి ఆవృత్తీ శ్రేణిలోని తన స్థానంలో ముందు స్థానపు విలువకు ఒకటి కలిపి రాస్తున్నదనుకుందాం. వరుసగా నడిస్తే దోషం లేదు. ఓపెన్ఎంపీ నిర్దేశంతో సమాంతరం చేస్తే, ఒక ధార రాసేలోపే మరొక ధార అదే స్థానాన్ని చదవవచ్చు. ఫలితం నడిచిన ప్రతిసారీ మారవచ్చు. పరీక్షలలో ఎన్నోసార్లు సరిగా వచ్చి, అసలు వాడుకలో తప్పడం ఇలాంటి దోషాల లక్షణం. నడపకుండా పరిశీలించవలసిన అవసరం ఇందువల్లనే.

ఇక్కడ అనువాద సమస్య తీవ్రరూపంలో ఎదురవుతుంది. సి పాఠంలో సమాంతరత ఒక నిర్దేశపంక్తిలో స్పష్టంగా ఉంటుంది. క్లాంగ్ దానిని ఎల్ఎల్‌వీఎం భాషలోకి తెచ్చేటప్పుడు లూపు శరీరాన్ని ప్రత్యేక ఫంక్షన్‌గా వేరుచేసి, రన్‌టైమ్ గ్రంథాలయానికి పిలుపుగా మారుస్తుంది. నిర్దేశపంక్తి అదృశ్యమవుతుంది. ఎల్ఎల్ఓవీ ముందుగా ఆ పిలుపుల నుండి ఓపెన్ఎంపీ సమాచారాన్ని తిరిగి సేకరిస్తుంది. తరువాత లూపు ఆవృత్తులను పూర్ణాంక బిందువుల సమితిగా చూసే పాలిహెడ్రల్ పద్ధతితో ఆవృత్తుల మధ్య పరాధీనతను పరిశీలిస్తుంది. సమాంతరంగా నడిచే ఆవృత్తుల మధ్య పరాధీనత ఉంటే స్పర్ధ ఉన్నట్లు. సూచికలు సరళ సమాసాలుగా ఉన్న లూపులకే ఈ పద్ధతి కచ్చితంగా వర్తిస్తుంది. అది దాని హద్దు. మరోవైపు మూలభాషపై ఆధారపడకపోవడం వల్ల అదే సాధనం ఫోర్ట్రాన్ ప్రోగ్రాములకూ పనికివచ్చింది. పోయినదాన్ని తిరిగి సంపాదించే శ్రమకు దక్కిన ప్రతిఫలమిది.

భారతదేశంలో ఈ కృషి ఒంటరిది కాదు. ఐఐటీ బొంబాయిలో ఉదయ్ ఖేడ్కర్ బృందం గింపుల్ ఆధారంగా దత్తప్రవాహ విశ్లేషణపై పనిచేసింది. ఖేడ్కర్, అమితాభ సన్యాల్, బాగేశ్రీ కర్కరే 2009లో ఆ విషయంపై గ్రంథాన్ని వెలువరించారు.

8. పల్నాడు తరగతి గదులకు దీని ప్రాసంగికత

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. కాకినాడ జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజినీరింగ్ కళాశాల, దానికి అనుబంధమైన ప్రైవేటు కళాశాలలు నరసరావుపేట పరిసరాలలో ఉన్నాయి. మాచర్ల, గురజాల ప్రాంతాల విద్యార్థులకు ఇవి అందుబాటులోని కేంద్రాలు. ఈ పాఠ్యప్రణాళికలో సి భాష తొలి సంవత్సరంలో, కంపైలర్ నిర్మాణం మూడవ సంవత్సరంలో రావడం పరిపాటి. మొదటి పాఠంలో భాష ఉంటుంది, రెండవ పాఠంలో అనువాద సిద్ధాంతం ఉంటుంది. విద్యార్థి తాను రాసిన ప్రోగ్రాము అనువాదంలో ఏమైపోయిందో చూసే సందర్భం ఈ రెంటి మధ్య జారిపోయే అవకాశం ఎక్కువ.

ఆ సందర్భాన్ని కల్పించడానికి ఖర్చు లేదు. జీసీసీ, క్లాంగ్, ఫ్రామా-సి స్వేచ్ఛగా లభిస్తాయి. గింపుల్ రూపాన్ని ఫైలుగా రాయమని జీసీసీని, ఎల్ఎల్‌వీఎం రూపాన్ని పాఠంగా ఇవ్వమని క్లాంగ్‌ను ఐచ్ఛికాల ద్వారా అడగవచ్చు. పది పంక్తుల ప్రోగ్రాముకు సాధారణ కంప్యూటర్ చాలు. ఒకే ప్రోగ్రామును రెండు రూపాలలో పక్కపక్కన పెట్టి, ఏ పేరు నిలిచింది, ఏ వరుస ఎన్నికైంది, ఏ పరీక్ష తొలగింది అని విద్యార్థులచేత రాయిస్తే, అది ప్రతిపదార్థం రాయించడం వంటి అభ్యాసమే. టన్ డ్రైవర్ ఉదాహరణను ఐదారు పంక్తులలో పునర్నిర్మించి, ఆప్టిమైజేషన్ లేకుండా ఒకసారి, దానితో మరొకసారి అనువదించి చూపవచ్చు. నిర్వచించని ప్రవర్తన అన్న మాట అప్పుడు కంఠస్థం చేయవలసిన నిర్వచనంగా మిగలదు.

తెలుగులో ఈ విషయాన్ని చెప్పడానికి పరిభాష కొరత ఉన్నదన్న అభిప్రాయం పూర్తిగా నిజం కాదు. పదవిభాగం, అన్వయం, ఆదేశం, ఆగమం వంటి వ్యాకరణ పదాలు ఒక రూపం స్థానంలో మరొక రూపాన్ని నియమబద్ధంగా ఉంచే పనిని వర్ణించడానికి ఏనాటి నుండో వాడుకలో ఉన్నాయి. కంపైలర్, పాయింటర్ వంటి వాడుక మాటలతో వీటిని కలిపి వాడితే తెలుగు మాధ్యమంలో చదివివచ్చిన విద్యార్థికి దారి దగ్గరవుతుంది.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. సి పాఠాన్ని చిన్న భాషలోకి మార్చడం విశ్లేషణకు ముందు జరిగే యాంత్రిక సన్నాహం మాత్రమే కాదు. విశ్లేషణ ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలదో అక్కడే నిర్ణయమవుతుంది.

2. అన్ని ప్రశ్నలకూ సరిపోయే కనిష్ఠభాష లేదు. ఆండర్సన్ నాలుగు రూపాలు పాయింటర్లకు, బూలియన్ ప్రోగ్రాములు తాళాల క్రమశిక్షణకు, సీఐఎల్ మూలపాఠానికి దగ్గరి పరిశీలనకు, ఎల్ఎల్‌వీఎం బహుభాషా సాధనాలకు తగినవి.

3. లెక్కింపు వరుస, నిర్వచించని ప్రవర్తన, మాక్రో పేరు, సమాంతర నిర్దేశం అనేవి అనువాదంలో తరచుగా పోయేవి. వీటిని తిరిగి సంపాదించడానికి స్లామ్, కవరిటీ, ఎల్ఎల్ఓవీ వేర్వేరు మార్గాలు అనుసరించాయి. కాంప్‌సర్ట్ అనువాదం ప్రవర్తనను కాపాడుతుందని ముందే నిరూపించే మార్గాన్ని ఎన్నుకున్నది.

4. విశ్లేషించిన రూపమూ, నడిచే రూపమూ ఒకే అనువాదం నుండి రానప్పుడు ‘దోషం లేదు’ అన్న ఫలితానికి పరిమితమైన విలువే ఉంటుంది. విశ్లేషణ నివేదికతో పాటు అనువాదకం పేరు, వెర్షన్, ఐచ్ఛికాలు పేర్కొనడం కనీస ఆచారం కావాలి.

అన్వయం చెప్పిన ఉపాధ్యాయుడు చివరకు పద్యాన్ని మళ్లీ ఒకసారి చదువుతాడు. విశ్లేషణ నివేదిక చేతికి వచ్చిన తరువాత మూలపాఠం వైపు తిరిగి చూడటం కూడా ఈ శాస్త్రంలో అంతే అవసరమైన చివరి మెట్టు.